సునాబేడ కేసు: నాలుగు ఎర్ర చుక్కలు, నాలుగు వేర్వేరు సంగతులు

ఒడిశాలోని కోరాపుట్, జయపురం, సునాబేడ ప్రాంతాల్లో నేను ఫైర్ అలారం, వైరింగ్ పనులు చేస్తుంటాను. లాడ్జీలు, ఆసుపత్రులు, బ్యాంకు శాఖలే నాకు ఎక్కువ. సొంత ఇంటికి స్మోక్ డిటెక్టర్, అంటే పొగను పసిగట్టి మోగే పరికరం, పెట్టించుకునేవారు ఈ చుట్టుపక్కల బహు అరుదు. పెట్టించుకున్నా, అది చూపించే లైటును ఎలా చదవాలో చెప్పినవారు ఉండరు. ఈ కేసును ఇంత వివరంగా రాయడానికి కారణం అదే.

ఇల్లు సునాబేడలో, విమాన ఇంజిన్ల కర్మాగారంలో పనిచేసి రిటైరైన ఒక తెలుగు పెద్దాయనది. శ్రీకాకుళం వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. కింద భార్యాభర్తలు ఉంటారు, పై అంతస్తులో ఒక ఒడియా కుటుంబం అద్దెకు ఉంటోంది. అమెరికాలో ఉన్న కొడుకు అక్కడ ఇల్లు మారినప్పుడు తీసేసిన నాలుగు డిటెక్టర్లను సూట్‌కేసులో తెచ్చి, స్థానిక ఎలక్ట్రీషియన్‌తో బిగించి వెళ్లాడు. హాలులో ఒకటి, వంటింటి పక్క భోజనాల గదిలో ఒకటి, పడకగదిలో ఒకటి, మెట్ల పైన ఒకటి.

డిసెంబరులో నాకు ఫోను వచ్చింది. పెద్దాయన మాట సూటిగా ఉంది: "నాలుగూ పాడయ్యాయి బాబూ. పొగ లేదు, మంట లేదు, ఎర్రలైటు మాత్రం కొట్టుకుంటూనే ఉంది. వచ్చి పీకేసి వెళ్లు." నేను వెళ్లేసరికి హాలులోదానికి లైటు కనబడకుండా స్టిక్కింగ్ ప్లాస్టరు అంటించి ఉంది.

ఆయన ఆందోళనకు ఒక కారణం ఉంది. కర్మాగారాల్లో, పెద్ద భవనాల్లో ఉండే డిటెక్టర్లు ఒక కంట్రోలు ప్యానెల్‌కు కలిపి ఉంటాయి. మన దేశంలో అలాంటి వ్యవస్థలకు ఐ.ఎస్. 2189 ప్రమాణం. వాటిలో ఏ డిటెక్టరైనా పొగను పట్టుకుంటే దాని ఎర్రలైటు నిలకడగా వెలిగి, ప్యానెల్ దగ్గర రీసెట్ చేసేదాకా అలాగే ఉంటుంది. ఉద్యోగ జీవితమంతా ఆ లైటును చూసిన మనిషికి ఎర్ర రంగంటే ప్రమాదమే. ఇంట్లో విడిగా పెట్టుకునే డిటెక్టర్‌కు ప్యానెల్ ఉండదు. సెన్సరు, బ్యాటరీ, మోత అన్నీ ఒకే డబ్బాలో ఉంటాయి. తాను బతికే ఉన్నానని అది చెప్పుకోవడానికి ఉన్నది ఆ చిన్న లైటు ఒక్కటే. ఎక్కువ కంపెనీలు అందుకు ఎర్ర రంగునే వాడతాయి. 40 నుంచి 60 సెకన్లకు ఒకసారి చటుక్కున మెరిసి ఆరిపోతే అంతా సవ్యంగా ఉందని అర్థం.

నిజంగా పొగ పట్టినప్పుడు అదే లైటు సుమారు సెకనుకోసారి గబగబా కొట్టుకుంటుంది, దానితోపాటు మోత. మోత కూడా ఒక పద్ధతిలో ఉంటుంది: మూడు బీప్‌లు, విరామం, మళ్లీ మూడు. నాలుగు బీప్‌లు, విరామం అయితే అది పొగకు కాదు, కార్బన్ మోనాక్సైడ్‌కు. రెండు సెన్సర్లూ ఉన్న డబ్బాలలో ఈ తేడా తెలియకపోతే మంట కోసం వెతుకుతూ విషవాయువులోనే తిరుగుతుంటాం. అప్పుడు చేయాల్సింది బయటి గాలిలోకి వెళ్లిపోవడం. కరెంటు మీద నడిచే రకాలకు ఆకుపచ్చ లైటు నిలకడగా ఉంటుంది, అది కరెంటు అందుతోందని మాత్రమే చెబుతుంది. కొత్త రకాల్లో కొన్నింటికి పసుపు లైటు కూడా ఉంటుంది, లోపమో ఆయుష్షు తీరడమో చెప్పడానికి. కంపెనీని బట్టి ఇవి మారుతాయి కాబట్టి డబ్బా వెనక స్టిక్కరు చదవనిదే నేను తీర్పు ఇవ్వను. రంగును పక్కన పెట్టి లయను చూడాలి. లైటు ఎంతసేపటికి ఒకసారి వెలుగుతోంది, దానితో శబ్దం కలుస్తోందా లేదా అన్నదే నా మొదటి ప్రశ్న.

తెల్లవారుజాము కీచు, పట్టపగటి కీచు

అసలు ఫిర్యాదు పెద్దాయనది కాదు, ఆవిడది. "తెల్లవారుజామున పిట్టపిల్ల అరిచినట్టు కీచుమంటుందండీ. ఈయనకేమో వినిపించదు. నా చెవుల్లోనే ఏదో మోగుతోందంటారు. పగలు పనులన్నీ అయ్యాక వంటింటి వైపు మళ్లీ అదే గోల." భోజనాల గదిలోదానికి బ్యాటరీ మార్చారు, మళ్లీ మార్చారు, ఆగలేదు. చివరికి లోపలి సరుకే చెడిందని తేల్చుకున్నారు.

వినిపించకపోవడంలో ఆయన తప్పు లేదు. ఈ డబ్బాల శబ్దం సాధారణంగా 3,000 హెర్ట్జ్ దరిదాపుల్లో ఉంటుంది. వయసుతో మొదట తగ్గేది ఆ ఎత్తు శబ్దాలు వినే శక్తే. యంత్రాల హోరులో ఏళ్ల తరబడి పనిచేసినవారికి ఇంకా ముందే తగ్గుతుంది. అంత సన్నటి శబ్దం ఎటు నుంచి వస్తోందో మంచి చెవులున్నవారికీ చప్పున తెలియదు. స్లాబు ఇంట్లో గోడలకు తగిలి అన్ని గదుల్లోనూ ఒకేలా వినిపిస్తుంది. అందుకే చెవిని నమ్మకుండా ఒక్కో డబ్బా కింద కుర్చీ వేసుకుని లైటు చూస్తూ కూర్చోవాలి. విసుగు పుట్టించే పని, కానీ దీనికి దగ్గరిదారి లేదు.

భోజనాల గదిలో కూర్చుంటే సంగతి కాసేపటికే తేలింది. లైటు ఒకసారి మెరిసింది, శబ్దం లేదు. కాసేపటికి కీచుమంది, లైటు లేదు. మళ్లీ లైటు, మళ్లీ ఒంటరి కీచు. రెండూ ఒకదాని మధ్యలో ఒకటి వస్తున్నాయి తప్ప ఎక్కడా కలవడం లేదు.

చాలా మోడళ్లలో ఈ తేడాకు ఖచ్చితమైన అర్థం ఉంది. డిటెక్టర్ తన బ్యాటరీని పరీక్షించుకునేది లైటు మెరిసే క్షణంలోనే. లైటు వెలగడానికి కాస్త కరెంటు లాగుతుంది, ఆ భారానికి బ్యాటరీ వోల్టేజి ఎంత పడిపోయిందో లోపలి చిప్పు చూస్తుంది. పరిమితి కన్నా పడితే అక్కడికక్కడే కీచుమంటుంది. కాబట్టి లైటు, శబ్దం ఒకేసారి వస్తే బ్యాటరీ అయిపోతున్నట్టు. లైటుకు లైటుకు మధ్య వేళలో ఒంటరిగా కీచుమంటే బ్యాటరీతో సంబంధం లేదు. పొగను పట్టే ఛాంబరు తన సున్నితత్వం కోల్పోయిందని, అంటే దుమ్మో, పురుగో, ముసలితనమో అని లెక్క. ఈ ఒక్క ముక్క తెలిసి ఉంటే ఆ ఇంట్లో అన్ని బ్యాటరీలు వృథా అయ్యేవి కావు.

డబ్బా దించి వెనక చూశాను. తయారీ తేదీ 2011. ఇలాంటి డిటెక్టర్లకు ఆయుష్షు తయారైన తేదీ నుంచి 10 ఏళ్లు. కొన్న తేదీ నుంచి కాదు, గోడకు బిగించిన రోజు నుంచి అసలే కాదు. దాని మీద మూడు రెక్కల రేడియోధార్మిక గుర్తు కూడా ఉంది. అయనీకరణ రకం, లోపల అతి స్వల్పంగా అమెరీషియం-241 ఉంటుంది. అది చూసి ఆవిడ రెండడుగులు వెనక్కి వేశారు. మూసి ఉన్న డబ్బా వల్ల హాని లేదని, విప్పడం, పగలగొట్టడం, చెత్తతో కలిపి కాల్చడం మాత్రం చేయరాదని చెప్పాను.

ఆ రకం ఆ చోటుకు సరిపడేది కూడా కాదు. అయనీకరణ డిటెక్టర్ మంట నుంచి వచ్చే అతి సూక్ష్మమైన కణాలను త్వరగా పట్టుకుంటుంది. వేడి నూనెలో ఎండుమిరపకాయలు వేసినప్పుడు లేచేవీ అలాంటివే. ఇక్కడ పొయ్యికీ దానికీ మధ్య దూరం 3 మీటర్లు కూడా లేదు. శుక్రవారం సాంబ్రాణి వేసినా, ఘాటుగా పోపు పెట్టినా మోగేది. ఆవిడ చీపురుకట్ట చివరతో బటన్ నొక్కి నోరు మూయించేవారు. నొక్కాక లైటు 10 సెకన్లకోసారి మెరవడం చూసి, కర్రపోటుకు లోపల ఏదో విరిగిందని భయపడేవారట. విరిగిందేమీ లేదు. కాసేపు సున్నితత్వం తగ్గించుకుని ఊరుకున్నానని చాలా మోడళ్లు అలాగే చెబుతాయి. ఓ 10 నిమిషాల్లో వాటంతట అవే మామూలు లయకు వస్తాయి.

ఇక హాలులోది. ప్లాస్టరు తీసేసి పగలు ఎంతసేపు చూసినా దానిలో లోపం కనబడలేదు. లైటు నిమిషానికోసారి బుద్ధిగా మెరుస్తోంది, కీచు లేదు. అందుకే ఇంటికి వచ్చినవాళ్లెవరికీ అది దొరకలేదు. పడుకునే ముందు ఫోనును దాని వైపు తిప్పి చార్జరుకు పెట్టి, తెల్లవారుజామున మెలకువ రాగానే వీడియో మొదలుపెట్టమని ఆవిడకు చెప్పాను. ఆవిడ పంపిన వీడియోలో చీకట్లో ఎర్ర మెరుపు, అదే క్షణంలో కీచు. ఇది బ్యాటరీయే.

మరి పగలు ఎందుకు అరవదు? సునాబేడ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో చలి ఒంటి అంకె డిగ్రీలకు దిగడం ఇక్కడ వింత కాదు. చల్లబడిన కొద్దీ బ్యాటరీ లోపలి రసాయనిక చర్య మందగించి, భారం పడగానే వోల్టేజి కిందికి జారుతుంది. సగం అయిపోయిన బ్యాటరీ నాలుగైదు గంటల వేళ పరిమితి దాటి పడిపోతుంది, ఎండ ఎక్కాక మళ్లీ పైకి వస్తుంది. దయ్యమేదో ఉందని పక్కింటివారు అన్నారట. దయ్యానికి 9 వోల్టుల బ్యాటరీతో ఏం పని!

పెద్దాయన పొదుపు కూడా ఇందులో కలిసింది. మాటిమాటికీ కొనడం దండగని చార్జింగ్ చేసుకునే 9 వోల్టుల బ్యాటరీ వేశారు. పేరుకు 9 అయినా ఆ రకం బ్యాటరీల అసలు వోల్టేజి సాధారణంగా 8.4, కొన్నింటిలో 7.2 మాత్రమే. చాలా డిటెక్టర్లు 7.5 వోల్టుల దగ్గర హెచ్చరిక మొదలుపెడతాయి. పైగా వాడినా వాడకపోయినా ఆ బ్యాటరీ తనంతట తాను కరిగిపోతూ ఉంటుంది. ఆయనకు లెక్క చెబితే చాలు, వాదించే మనిషి కాదు. సెమిలిగుడ బజారులో నాకు దొరికినవన్నీ బొమ్మలకు, మైకులకు వేసే కార్బన్-జింకు రకం. విశాఖ నుంచి ఆల్కలైన్‌వి తెప్పించి వేశాను. వేసి, టెస్ట్ బటన్ నొక్కి, తేదీ రాసి డబ్బా పక్కన అంటించాను. ఆ తర్వాత చలి రాత్రుల్లో అది మళ్లీ కీచుమనలేదని ఆవిడే చెప్పారు.

అన్నింటికన్నా అందంగా మెరిసినది

పడకగదిలోదాని గురించి ఎవరికీ ఏ ఫిర్యాదూ లేదు. తయారీ తేదీ ఇంకా గడువులోనే ఉంది. ఫోటోఎలక్ట్రిక్ రకం, అంటే లోపల ఒక కాంతిపుంజం ఉండి, పొగ చొరబడి ఆ కాంతిని చెదరగొడితే పసిగడుతుంది. నిప్పు రాజుకోకుండా పరుపో దూదో నెమ్మదిగా కమిలే పొగను ఇది ముందుగా పట్టుకుంటుంది కనుక పడకగదికి మంచి ఎంపిక. లైటు గడియారం కొట్టినట్టు లయ తప్పకుండా మెరుస్తోంది. టెస్ట్ బటన్ నొక్కితే చెవులు గింగిర్లెత్తేలా మోగింది. "నాలుగింటిలో ఇదొక్కటే కాస్త నయం, దీన్ని ఉంచేద్దామా?" అన్నారు పెద్దాయన.

పరీక్షకు వాడే పొగ స్ప్రే నా సంచిలో ఎప్పుడూ ఉంటుంది. అగరుబత్తితోనో కాగితం కాల్చో పరీక్షించడం నాకు ఇష్టం లేదు. మసి ఛాంబరులో పేరుకుంటుంది, పైకప్పు దగ్గర నిప్పు పట్టుకుని నిలబడడమూ తెలివైన పని కాదు. హాలులోదానికి స్ప్రే కొడితే కాసేపటికే మోగింది. పడకగదిలోదానికి కొట్టాను, ఉలుకూ పలుకూ లేదు. ఆగి మళ్లీ కొట్టినా అంతే. లైటు మాత్రం నిమిషానికోసారి హాయిగా మెరుస్తూనే ఉంది.

నిచ్చెన ఎక్కి వేలితో తడిమితే తెలిసింది. అంతకుముందు ఇంటికి రంగులు వేయించినప్పుడు పెయింటర్లు డిటెక్టర్ మీద రంగు పడకూడదని పారదర్శకమైన పలుచటి ప్లాస్టిక్ కవరు బిగించారు. పని అయ్యాక తీయడం మరిచిపోయారు. కవరు అంచు మీదుగా తెల్ల రంగు పూసేయడంతో అది స్లాబులో కలిసిపోయింది. కింద నుంచి చూస్తే ఎవరికీ తెలియదు. లైటు కవరులోంచి చక్కగా కనబడుతోంది, బటన్ కవరు మీద నుంచే నొక్కుకుపోతోంది, మోత కొంచెం తగ్గినా వినబడుతోంది. పొగ లోపలికి వెళ్లే దారి ఒక్కటే మూసుకుపోయింది.

ఈ కేసులో నేను పదిమందికీ చెప్పేది ఈ గది సంగతే. లైటు చెప్పేది కరెంటు అందుతోందా, లోపలి సర్క్యూటు మేల్కొని ఉందా అన్నంత మటుకే. టెస్ట్ బటన్ దానికి బ్యాటరీ బలాన్ని, మోతను కలుపుతుంది. బయటి పొగ లోపలికి చేరగలదా అన్నది ఆ రెండింటికీ తెలియదు. ఇంటికి సున్నాలు, రంగులు వేయించిన తర్వాత నిచ్చెన దించకముందే ఒకసారి డిటెక్టర్‌ను చేత్తో తడిమి చూడడం నిమిషం పని.

కవరు కోసి తీశాను. దాని పుణ్యమా అని గాలి రంధ్రాల్లోకి రంగు పోలేదు. పోయి ఉంటే డబ్బానే మార్చాల్సి వచ్చేది, రంగు పట్టిన డిటెక్టర్‌ను గీకి శుభ్రం చేసి వాడకూడదు. మెత్తటి బ్రష్షున్న వాక్యూమ్‌తో చుట్టూ దుమ్ము తీసి మళ్లీ స్ప్రే కొడితే ఈసారి వెంటనే మోగింది. సీలింగ్ ఫ్యాను రెక్కకు మరీ దగ్గరగా ఉందని, రెక్క చివర నుంచి కనీసం మీటరు దూరం ఉండేలా చోటు కూడా మార్చాను. ఫ్యాను గాలి పొగను పక్కకు తోసేస్తుంది.

మెట్ల దగ్గరిదానితో ఎక్కువ సమయం పట్టలేదు. కరెంటుతో నడిచి, బ్యాటరీ ఆసరాగా ఉండే రకం. స్టిక్కరు మీద 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని స్పష్టంగా అచ్చు వేసి ఉంది. మన 230 వోల్టుల లైనుకు దాన్ని నేరుగా కలిపారు. బిగించిన రోజు ఆకుపచ్చ లైటు కాసేపు వెలిగి ఆరిపోయిందని ఆవిడకు గుర్తుంది. అప్పటి నుంచి బ్యాటరీ మీద ఎర్రలైటు మెరుస్తుంటే అందరూ బాగుందనే అనుకున్నారు. మూత తీస్తే కాలిన వాసన. మెయిన్ ఆపి, తీగలు విడదీసి, చివరలు మూసి, డబ్బా దించేశాను. విదేశాల నుంచి తెచ్చుకోవాలంటే బ్యాటరీ రకాలే తెచ్చుకోవడం మేలు. 10 ఏళ్ల లిథియం బ్యాటరీని లోపలే సీలు చేసి ఇచ్చేవి ఉన్నాయి, వాటిలో ఇలాంటి పేచీ ఉండదు.

అది దించుతుంటే పై అంతస్తు ఇల్లాలు తలుపు తీసుకుని వచ్చి, "హమ్మయ్య, కెమెరా తీసేస్తున్నారా?" అని ఒడియాలో అడిగారు. రాత్రుళ్లు మెట్ల మీద ఎర్రచుక్క మెరుస్తుంటే ఇంటివారు నిఘా పెట్టారని అనుకున్నారట. ఆ అనుమానంతో అద్దె ఇల్లు మారే ఆలోచన దాకా వెళ్లారు. దించిన డబ్బా మూత తీసి లోపల చూపించాను. నవ్వారు గానీ, పూర్తిగా నమ్మినట్టు నాకు అనిపించలేదు. పాత నిబంధనల పుస్తకాల్లో ఎక్కడా రాయని ఇబ్బంది ఇది. అద్దెకు ఇచ్చేచోట డిటెక్టర్ పెడితే అదేమిటో ముందే చెప్పి, ఒకసారి మోగించి చూపించాలి.

మిగిలిన పెద్ద సమస్య పెద్దాయన చెవులది. ఇంటి డిటెక్టర్ల మోత 3 మీటర్ల దూరంలో కనీసం 85 డెసిబెల్స్ ఉండాలని ఐరోపా ప్రమాణం ఈ.ఎన్. 14604 చెబుతోంది. పగలు మేల్కొని ఉండగా పరీక్షిస్తే ఆయనకు అలారం వినిపించింది, అదీ తలుపు తీసి ఉన్నప్పుడు. తలుపు వేసి, రగ్గు కప్పుకుని, ఆవిడ ఊళ్లో లేనప్పుడు నిద్రపోతుంటే లేస్తారన్న నమ్మకం నాకు లేదు. వినికిడి తగ్గినవారిని నిద్ర లేపడానికి 3,000 హెర్ట్జ్ కన్నా 520 హెర్ట్జ్ దగ్గరి బొంగురు మోత బాగా పనిచేస్తుంది. దిండు కింద పెట్టుకునే కంపనం ప్యాడ్లూ ఉన్నాయి. ఆయన మొదట ఒప్పుకోలేదు. "నాకు చెవుడా?" అన్నారు. ఆవిడ ఏమీ అనలేదు గానీ వంటింట్లోంచి గిన్నె చప్పుడు కాస్త గట్టిగానే వినిపించింది. కొడుకుకు వీడియో కాల్ చేసి నేనే వివరించాను. ఒకటి మోగితే అన్నీ మోగే వైర్‌లెస్ సెట్టు, దానికి కలిసే ప్యాడ్‌తో సహా, అతను చూస్తానన్నాడు.

ప్రస్తుతానికి హాలు, పడకగది డిటెక్టర్లు పనిచేస్తున్నాయి. వాటి లైట్ల మీద ఏమీ అంటించకూడదని చెప్పాను. పడకగదిలో రాత్రి మెరుపు నిద్ర చెడగొడుతోందంటే డబ్బాను కొంచెం తిప్పి లైటు మంచానికి అటువైపు ఉండేలా బిగించాను. భోజనాల గదిలో 2011 నాటిదాన్ని తీసేసి, మరో ఫోటోఎలక్ట్రిక్ డిటెక్టర్‌ను పొయ్యికి దూరంగా, హాలు వైపు గుమ్మం దగ్గర పెట్టాలని నిర్ణయించాం. వంటింట్లో పొగకు కాక వేడికి స్పందించే హీట్ డిటెక్టర్ వేద్దామన్నాను, దానికి ఆవిడ సరేనన్నారు. పాత అయనీకరణ డబ్బాను విప్పకుండా అట్టపెట్టెలో పెట్టి, పైన అది ఏమిటో రాసి, కొడుకు ద్వారా తయారీదారుకు తిరిగి చేర్చడానికి అటక మీద ఉంచారు. మెట్ల దగ్గర కొత్తది వచ్చేదాకా పై అంతస్తుకు ఏ పరికరమూ లేదు. ఆ సంగతి అద్దెకున్నవారికి ఒడియాలో చెప్పి, మంట కనబడితే 101కు గానీ 112కు గానీ ఫోను చేయమని కాగితం మీద రాసి మెట్ల మొదట్లో అంటించి వచ్చాను.